సేవ – సంకల్పశుద్ధి

దైవసేవ అన్న మాట అన్ని మతాలవారి నోటా వినవస్తున్నది. ఎంత సేవ జరిగినదని లెక్క వేసేవారు పెక్కుమంది. ఎందుకు జరిగినదని విచారించేవారు కొలదిమంది. ఇస్లాం సంప్రదాయంలో ఏ కర్మకైనా ‘నియ్యత్’, అనగా సంకల్పం, ప్రాణప్రదమని బాల్యం నుండి బోధిస్తారు. ఇదే విషయాన్ని క్రైస్తవ ధర్మం ఏ విధంగా పరిశీలించినదో, మన తెలుగు గడ్డ మీదనే అది ఎట్టి పరీక్షకు నిలిచినదో విద్యార్థులు తెలుసుకొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో క్రీస్తు దానం, ప్రార్థన, ఉపవాసం ఈ మూడింటినీ ఒకే తూకంలో తూచినాడు. నలుగురు చూడవలెనని చేసినవానికి నలుగురి మెప్పే కూలి. ఆ కూలి ముట్టిన పిదప దైవం వద్ద వానికి రావలసిన బాకీ ఉండదని అక్కడి బోధ సారాంశం. యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో మరొక ఘట్టం ఉన్నది. అయిదు రొట్టెలతో అయిదు వేలమంది ఆకలి తీరిన మరునాడు జనం తన్ను వెదకుకొంటూ రాగా, కడుపు నిండినందువల్లనే వచ్చినారని ఆయన నిర్మొహమాటంగా చెప్పినాడు. అయితే ముందు అన్నం పెట్టినాడు, తరువాతనే ఆ మాట అన్నాడు. ఈ వరుసక్రమం గమనింపదగినది.

ఇక మన చరిత్రకు వద్దాము. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషన్ పక్షాన 1866లో ఒంగోలు చేరినారు. 1876–78 సంవత్సరాలలో మద్రాసు రాజధానిని మహాక్షామం పీడించినది. యౌవనంలో సర్వే పని చేసియున్న క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకొని వేలాదిమంది పేదలకు పని కల్పించి కూలి ఇప్పించినారు. కాలువగట్టున బోధ విని, బాప్తిస్మం ఇమ్మని అడిగినవారు అసంఖ్యాకులు. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. క్లౌ మాత్రం పదిహేను నెలలపాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం మతం పుచ్చుకొన్నారన్న మాట వారికీ రాకూడదు, అన్నం చూపి మతం ఇచ్చినారన్న మాట తమకూ రాకూడదు అన్నది ఆ నిగ్రహంలోని ఆంతర్యం. క్షామసహాయం ముగిసినది, ఇక ఇచ్చుటకు ధనం లేదు అని ప్రకటించిన తరువాత కూడ జనం మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందినారు.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. పేదవాని విశ్వాసాన్ని అనుమానించుట వానిని అవమానించుట కాదా? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. తరతరాలుగా ఊరి వెలుపల ఉంచబడినవారు అన్నంతోపాటు ఆత్మగౌరవాన్ని కూడ కోరియుండవచ్చును. ఆ కోరిక నీచమైనదని ఎవరనగలరు? ఆకలిగొన్నవాని మనస్సును తూచే త్రాసు మానవుని వద్ద లేదు. అయినను మా అభిప్రాయంలో క్లౌ కట్టడి చేసినది ప్రధానంగా తన చేతిని. సహాయం పొందినవారి సంఖ్యను తన ఘనతగా చూపుకొనే అవకాశం అందివచ్చినపుడు దానిని పదిహేను నెలలు వదలుకొన్నారు. కూలిని మాత్రం ఒక్కనాడును ఆపలేదు.

సంకల్పం మంచిదైనంత మాత్రాన సరిపోదు. అవగాహన కూడ కావలెను. లూకా సువార్తలో మార్త అతిథిసేవలో మునిగి విసుగు చెందినది. మరియ కూర్చుండి బోధ విన్నది. క్రీస్తు మరియ పక్షమే వహించినాడు. మార్త చేసినది చెడ్డపని కాదు, కాని ఎవరికై చేస్తున్నదో ఆయననే ఆ పనిలో మరచినది. పౌలు సైతం కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, ఆస్తి అంతయు పంచిపెట్టినను ప్రేమ లేకున్న నిష్ప్రయోజనమని బోధించినాడు.

ఇవి అన్యుల గ్రంథంలోని మాటలని మనం ప్రక్కన పెట్టరాదు. మన కళాశాలలోనే సేవాశిబిరానికి వెళ్లే విద్యార్థి ధ్యాస వాడపై ఉన్నదా, ధ్రువపత్రంపై ఉన్నదా? పేద విద్యార్థికి రుసుము చెల్లించి, వార్షికోత్సవ వేదికపై వానిని నిలబెట్టి ఛాయాచిత్రం తీయించుట వల్ల మేలు ఎవరికి జరుగుతున్నది? కమిటీ పెద్దలకు మా వినయపూర్వకమైన మనవి ఒక్కటే: ఉపకారవేతనాలు ఇకమీదట సభలో కాక కార్యాలయంలో, పేరు చదువకుండా అందజేయించండి. సభలో చప్పట్లు తగ్గవచ్చును. పుచ్చుకొన్న బాలుడు మాత్రం మరునాడు తోటివారి నడుమ తల ఎత్తుకొని కూర్చుంటాడు.