మొదటి ర్యాంకు సరే, ఇంగ్లిషు చెవికెక్కిందా?

పదో తరగతి ఫలితాల రోజున రాష్ట్రమంతా మన్యం వైపు చూడటం అలవాటైంది. 2023లో 87.47 శాతం, 2024లో 96.37 శాతం, 2025లో 93.90 శాతం ఉత్తీర్ణతతో పార్వతీపురం మన్యం జిల్లా వరసగా మూడేళ్లు ఆంధ్రప్రదేశ్‌లో అగ్రస్థానం దక్కించుకుంది. ఆ ఏళ్లలో రాష్ట్ర సగటు 72.26, 86.69, 81.14 శాతం మాత్రమే. 2022 ఏప్రిల్‌లో పుట్టిన జిల్లాకు, అందులోనూ సీతంపేట లాంటి ఏజెన్సీ మండలాలున్న జిల్లాకు ఇది చిన్న ఘనత కాదు. ఆశ్రమ పాఠశాలల్లో తెల్లవారకముందే మొదలయ్యే స్టడీ అవర్లు, వారం వారం స్లిప్ టెస్టులు, సెలవు రోజుల్లోనూ నడిచే ప్రత్యేక తరగతులు దీని వెనక ఉన్నాయి. పిల్లల కష్టాన్నీ టీచర్ల శ్రమనూ మెచ్చుకోవలసిందే.

మెచ్చుకున్నాక ఒక ప్రశ్న వేయాలి. ఇంగ్లిషులో పాసైన ఈ పిల్లల్లో ఎందరు ఆ భాషలో చెప్పిన నాలుగు మాటలు విని అర్థం చేసుకోగలరు? ముందెన్నడూ చూడని అరపేజీ చదివి అందులో ఏముందో ఎందరు చెప్పగలరు? వంద మార్కుల ఇంగ్లిషు పేపరు ఈ ప్రశ్నకు జవాబివ్వదు. అందులో వినడానికి ఒక్క మార్కూ లేదు. చదవడానికి మార్కులున్నా అవి చదివినందుకు పడుతున్నాయో, గుర్తుపెట్టుకున్నందుకు పడుతున్నాయో తేలదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిషు వినడం, కొత్త పాఠం చదివి గ్రహించడం తప్పనిసరిగా పరీక్షించాలన్నది మా అభిప్రాయం. ఆ పని సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధి నుంచే మొదలవ్వాలి.

రీడింగ్ కాంప్రహెన్షన్ ఇప్పటికే ఉంది కదా అనే మాట వినబడుతుంది. ఉంది, కానీ అందులో పాఠ్యపుస్తకంలోని పేరాలకే పెద్దపీట. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని ‘ఎ లెటర్ టు గాడ్’ కథే తీసుకోండి. వడగళ్ల వానకు పంట పోగొట్టుకున్న లెంచో దేవుడికి ఉత్తరం రాసి వంద పెసోలు అడుగుతాడు. డెబ్భై అందితే, మిగతావి పోస్టాఫీసు వాళ్లే నొక్కేశారనుకుంటాడు. ఈ కథను క్లాసులో తెలుగులో చెబుతారు. ప్రశ్నలూ జవాబులూ గైడులో సిద్ధంగా ఉంటాయి. స్లిప్ టెస్టుల్లో అవే తిరిగి తిరిగి వస్తాయి. చివరికి పబ్లిక్ పరీక్షలో ఆ పేరా కనబడితే విద్యార్థి దాన్ని చదవనక్కరలేదు. ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేస్తే మార్కులు పడతాయి. అదే విద్యార్థి చేతికి పంటల బీమా గురించి ఇంగ్లిషులో అచ్చేసిన ఒక పేజీ ఇచ్చి, వడగళ్లకు నష్టపోయిన రైతు ఎన్ని రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలో చెప్పమంటే? కథలోని వడగళ్లకు అతను జవాబు రాశాడు. కొండమీద తన తండ్రి జీడితోట మీద పడే వడగళ్లకూ జవాబు చెప్పగలిగినప్పుడే చదవడం వచ్చినట్టు.

ఇది ఒక్క మన్యం సమస్యే కాదు. గ్రామాల్లోని 14 నుంచి 18 ఏళ్ల వారిపై ‘అసర్’ (వార్షిక విద్యా స్థితి నివేదిక) కోసం 2023లో జరిపిన సర్వేలో ఇంగ్లిషు వాక్యాలు చదవగలిగినవారు 57.3 శాతమే. అలా చదివినవారిలోనూ దాదాపు నాలుగోవంతు మంది వాటి అర్థం చెప్పలేకపోయారు. పైకి గడగడా చదివినంత మాత్రాన లోపలికి దిగినట్టు కాదని పంతుళ్లందరికీ తెలుసు. దాన్ని పట్టుకునే పరీక్షే మన దగ్గర లేదు.

దీని మూల్యం పది పాసైన మరుసటి నెల నుంచే మొదలవుతుంది. ఎచ్చెర్లలో క్యాంపస్ ఉన్న రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, అంటే మనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునే చోట, పదో తరగతి మార్కులే సీటుకు ఆధారం. ప్రభుత్వ బడుల్లో చదివిన వారి మార్కులకు 4 శాతం కలుపుతారు కూడా. పల్లె పిల్లలకు తలుపు తెరిచిన మంచి ఏర్పాటు ఇది. అయితే వేసవి సెలవులు ముగిసేసరికి ఆ పదహారేళ్ల పిల్ల ఇంగ్లిషు లెక్చర్ల ముందు కూర్చుంటుంది. బోర్డు మీద రాసింది కాపీ చేసుకోగలదు. లెక్చరర్ నోటితో చెప్పింది మాత్రం ఆమె పక్కనుంచి వెళ్లిపోతుంది. లెక్కల్లో తెలివైన పిల్ల లెక్కలోనే తప్పుతుంది, ఎందుకంటే అది ఇంగ్లిషులో వినబడింది. పాలిటెక్నిక్‌కు వెళ్లినా, విశాఖలో నర్సింగ్‌లో చేరినా ఇదే తంతు. లోపం ఎక్కడుందో పదిలోనే తెలిసి ఉంటే సరిచేయడానికి వీలుండేది. తెలియనివ్వకుండా మార్కుల జాబితా చేతిలో పెట్టి పంపడం ఆ పిల్లను మోసం చేయడమే.

ప్రభుత్వాలకు ఈ సంగతి తట్టలేదనలేం. 2023 జూన్‌లో అప్పటి ప్రభుత్వం టోఫెల్ ఇంగ్లిషు పరీక్షలు నడిపే, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు చెందిన ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. మూడు నుంచి అయిదు తరగతులకు టోఫెల్ ప్రైమరీ, ఆరు నుంచి పదికి టోఫెల్ జూనియర్ అంది. వినడం, చదవడం ఆ పరీక్షకు రెండు కాళ్లు. ఆలోచన మంచిదే. అయితే అది ప్రపంచంలోని పిల్లలందరికీ ఒకే మూసలో తయారైన పరీక్ష. మన పాఠానికీ దానికీ లంకె లేదు, మన పబ్లిక్ పరీక్షలో దానికి చోటూ లేదు. 2024లో ప్రభుత్వం మారడంతోనే పథకం అటకెక్కింది. దిగుమతి చేసుకున్న పరీక్షను రద్దు చేయడంలో తప్పు పట్టనక్కరలేదు. దాని స్థానంలో సొంతంగా ఏదీ పెట్టకపోవడమే తప్పు. పిల్లల చదువు ఒక ప్రభుత్వపు ప్రచారం, మరో ప్రభుత్వపు రద్దు మధ్య నలిగిపోకూడదు.

ఇరుగుపొరుగును చూసైనా నేర్చుకోవచ్చు. తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు 2023–24 నుంచి ఇంగ్లిషుకూ ప్రాక్టికల్స్ పెట్టి 20 మార్కులు కేటాయించింది. సీబీఎస్ఈ తొమ్మిది, పది తరగతుల అంతర్గత మార్కుల్లో వినడానికి, మాట్లాడటానికి చోటిచ్చింది. గిరిజన పిల్లల కోసమే పెట్టిన ఏకలవ్య పాఠశాలలు సీబీఎస్ఈ కింద నడుస్తున్నాయి. అంటే ఒకే ఊరి నుంచి ఏకలవ్యకు వెళ్లిన అక్కకు వినే పరీక్ష ఉంది, ఆశ్రమ పాఠశాలకు వెళ్లిన తమ్ముడికి లేదు. జపాన్ 2006లోనే కళాశాల ప్రవేశ పరీక్షలో ఇంగ్లిషు వినడాన్ని చేర్చింది. 2021 నుంచి చదవడానికి వంద, వినడానికి వంద మార్కులు చేసింది. దక్షిణ కొరియాలో ఏటా నవంబరులో కళాశాల ప్రవేశ పరీక్షలోని ఇంగ్లిషు వినే భాగం జరిగే అరగంటకు పైగా సేపు దేశమంతటా విమానాల రాకపోకలే ఆపేస్తారు. మనం విమానాలు ఆపనక్కరలేదు. పరీక్ష హాలు పక్కన మైకు మోగకుండా చూసుకుంటే చాలు.

గట్టి అభ్యంతరం మరొకటుంది. సవర గిరిజన పిల్లకు ఇంట్లో సవర, బడిలో తెలుగు, ఆపైన హిందీ, ఇంగ్లిషు. ఇప్పటికే మోయలేని భారం మీద మరో పరీక్షా అన్నది ఆ అభ్యంతరం. దీన్ని కొట్టిపారేయకూడదు. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుతో దానికి చుట్టరికం లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉండగా గిడుగు రామమూర్తి ఈ సంగతి గ్రహించారు కాబట్టే తాను సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాచకాలు రాసి, బడులు నడిపారు. 1931లో సవర భాషా వివరణ గ్రంథాన్ని, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువును అందించారు. ఈ కొండల్లో ఇంగ్లిషుకు దారి సవర మీదుగానే పడాలని ఆ పని చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా బోధన అందుకే అవసరం. చిన్న తరగతుల్లో ఇంటి భాషలో గట్టిగా నిలబడిన పిల్లకే పెద్ద తరగతిలో పరాయి భాష పట్టుబడుతుంది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాతయినా పిల్లల భాష తెలిసిన టీచర్లను చట్టబద్ధంగా ఎలా తెచ్చుకోవాలో ప్రభుత్వం తేల్చవలసింది.

అయితే భారం ఎక్కువన్న కారణంతో పరీక్షే వద్దంటే నష్టపోయేది ఆ పిల్లే. పట్టణంలో కలిగిన ఇంటి పిల్లకు ఇంగ్లిషు టీవీలో వినబడుతుంది, ట్యూషన్‌లో వినబడుతుంది, ఇంట్లో అమ్మానాన్నల నోట వినబడుతుంది. సీతంపేట కొండమీది గూడెంలో పుట్టిన పిల్లకు అది వినబడే చోటు బడి ఒక్కటే. అక్కడా వినిపించకపోతే ఇంకెక్కడా లేదు. సంతలో తూకానికి ఎక్కని సరుకుకు ధర పలకనట్టే, పరీక్షకు రాని విషయానికి క్లాసులో పీరియడు దక్కదు. పాఠ్యపుస్తకాల్లో వినే, మాట్లాడే అభ్యాసాలు లేకపోలేదు. పబ్లిక్‌లో రావని తెలుసు కాబట్టి జనవరి వచ్చేసరికి వాటిని దాటేసి బిట్ల మీద పడతారు. టీచర్లను నిందించి లాభం లేదు. ఉత్తీర్ణత శాతం పేరుతో వారి మెడ మీద కత్తి పెట్టింది పైవాళ్లే.

పరీక్ష ఎలా ఉండాలన్నది కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. వంద మార్కుల్లో ఇరవై ఇందుకు తీసి పెట్టాలి. పది వినడానికి, పది ఎన్నడూ చూడని పేరాకు. వినిపించే గొంతు మన రాష్ట్రపు ఉపాధ్యాయులదే కావాలి, ప్రతి భాగాన్నీ నిదానంగా రెండుసార్లు వినిపించాలి. విషయం పిల్లలకు తెలిసిన లోకంలోంచి రావాలి: పిడుగుల హెచ్చరిక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు ఎలా వాడాలో చెప్పే నర్సు మాట, పాలకొండ బస్టాండులో బస్సు వేళ మారిందన్న ప్రకటన, అనాస తోటలో ఎరువు మోతాదు. విమానాశ్రయంలో సామాను తప్పిపోయిన కథ ఈ పిల్లలకు ఇంగ్లిషును కాదు, విమానాశ్రయాన్ని పరీక్షిస్తుంది. జవాబులు గుర్తు పెట్టేవిగా ఉంటే రాత తప్పులకు వినికిడి మార్కులు పోవు. వినికిడి లోపమున్న పిల్లలకు వేరే ప్రశ్నపత్రం ఉండాలి. కరెంటు పోతే ఏంచేయాలో ముందే తేల్చుకుని, చదివి వినిపించే ప్రతి సీలు వేసి సిద్ధంగా ఉంచాలి.

మార్కులు బడి చేతిలో పెట్టకూడదు. ఇంటర్నల్ మార్కులు ఇరవై ఉన్న కాలంలో అవి అందరికీ నిండుగా పడేవన్న విమర్శ ఉండేది. 2019లో వాటిని ఎత్తేశారు. మళ్లీ ఆ దారి పట్టడం అనవసరం. రాష్ట్రమంతా ఒకే రికార్డింగు, ఒకే వేళ, దిద్దడం బయట. ఖర్చు సాకు కూడా చెల్లదు. నాడు–నేడు పథకం కింద ఉన్నత పాఠశాలల్లో పెట్టిన ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెరలకు స్పీకర్లున్నాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. కొన్నవాటిని వాడుకోవడమే మిగిలింది. తెర అందని ఆశ్రమ పాఠశాలకు ఒక స్పీకరు కొనివ్వడం ఐటీడీఏకు పెద్ద లెక్క కాదు.

మొదటి రెండేళ్లు ఈ ఇరవై మార్కుల వల్ల ఒక్క పిల్ల కూడా తప్పకూడదు. మార్కులు వేయాలి, మెమోలో విడిగా చూపాలి, ఉత్తీర్ణతకు మాత్రం లెక్కించకూడదు. ఆ రెండేళ్లలో ఏ బడి పిల్లలకు ఎక్కడ లోపముందో బయటపడుతుంది. అక్కడికి టీచరును పంపాలి, ఎనిమిదో తరగతి నుంచే వారానికి రెండు పీరియడ్లు వినడానికి కేటాయించాలి, ఇంటర్‌కో ట్రిపుల్ ఐటీకో వెళ్లేవారికి వేసవిలో నెలరోజుల వంతెన తరగతులు పెట్టాలి. ఇవేవీ చేయకుండా మూడో ఏట పరీక్షను ఉత్తీర్ణతకు ముడిపెడితే మేమే ముందు వ్యతిరేకిస్తాం. నేర్పనిది అడిగే హక్కు ఏ బోర్డుకూ లేదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాచనక్కరలేదు. ఈ మార్కులు బయటికొస్తే శాతాలంత అందంగా ఉండకపోవచ్చు. పత్రికల్లో శీర్షికలు మారతాయి, ప్రతిపక్షం విమర్శిస్తుంది. ఆ భయంతోనే ఇన్నాళ్లూ కొలవలేదు. కొలవనంత మాత్రాన లోపం మాయమవదు. విశ్వవిద్యాలయపు మొదటి సెమిస్టరులో బ్యాక్‌లాగుగానో, మధ్యలో ఇంటికి తిరిగొచ్చిన పిల్లగానో కనబడుతుంది. అప్పుడు తప్పు ఆ పిల్లది అంటారు.

కాబట్టి పాఠశాల విద్యాశాఖ, ఎస్‌సీఈఆర్‌టీ, పరీక్షల విభాగం కలిసి జూన్‌లో బడులు తెరిచేలోగా ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చే విద్యాసంవత్సరంలో సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలోని ప్రతి ఆశ్రమ పాఠశాలలో, ఉన్నత పాఠశాలలో ప్రయోగాత్మకంగా ఈ పరీక్ష జరపాలి. ఫలితాలను బడుల వారీగా ప్రకటించి, ఆ వెంటనే ఏ బడికి ఏ సాయం చేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ప్రభుత్వాలు మారినా ఆగకుండా ఉండేందుకు దీన్ని పథకంగా కాక పరీక్షల నిబంధనల్లోనే చేర్చాలి. పేపరు మీద పాసైన పిల్లకు క్లాసులో చెప్పేది వినబడేలా చేయడం ప్రభుత్వం చేసే దయ కాదు, ఆ పిల్లకు పడిన బాకీ.