సింహాసనానికి అందని లెక్క

గత చలికాలంలో ఒక గురువారం రాత్రి, మర్నాడు సెలవు గనుక, పదిహేనేళ్ళ మా అబ్బాయి పొద్దుపోయేదాకా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చారిత్రక సామ్రాజ్యాలను నిర్మించే ఆటలలో ఒకదానిని ఆడుతున్నాడు. విజయనగరంతో మొదలుపెట్టి, రెండు నెలలు శ్రమించి, కృష్ణ దాటి, నర్మద దాటి, యమునాతీరం దాకా పటమంతటికీ ఒకే రంగు పులిమాడు. ఆ రాత్రి ఆ రంగు చెదిరిపోయింది. మొదట ఎక్కడో ఒక మూల చిన్న తిరుగుబాటు. దానిని అణచడానికి సైన్యం బయలుదేరేలోగా రెండవది, అది తెలిసేలోగా మూడవది. అరగంటలో పటం మీద పదకొండు రంగులు వెలిశాయి. "నాన్నా, ఇది మోసం. నిన్నటిదాకా అంతా బాగానే ఉంది కదా! అందరూ ఒక్కసారే ఎలా లేస్తారు?" అన్నాడు.

ఆ రాత్రి నాకు వెంటనే జవాబు తోచలేదు. నేను వృత్తిరీత్యా ఇంజనీరును, చరిత్రకారుణ్ణి కాను. అయితే ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ ఆటలు కాలహరణమని కొందరు తల్లిదండ్రులు వాటిని ఇంట్లోకి రానివ్వరు. నాకు ఆ అభిప్రాయం లేదు. బడిపుస్తకంలో లేని తెలుగు రాజ్యాల పేర్లు మావాడికి తెలిసింది ఆటల వల్లనే. పైగా, తిరుగుబాట్లు హఠాత్తుగా రావడం ఆట చేసిన మోసం కాదని నా నమ్మకం. ఆటలో లోపం లేకపోలేదు. అది వేరే చోట ఉంది.

ముందుగా ఆటల సంగతి. ఈ ఆటలను తయారుచేసేవారికి మొదటినుండీ ఒక చిక్కు ఉంది. బలవంతుడు మరింత బలవంతుడవుతూ పోతే ఆట సగంలోనే ముగిసినట్లే. అందుకే పెద్ద రాజ్యాన్ని లోపలినుండి విరిచే ఉపాయాలు వెతికారు. 1991లో వచ్చిన సివిలిజేషన్ ఆటలో ఒక పెద్ద రాజ్యపు రాజధాని శత్రువు చేతికి చిక్కితే మిగిలిన రాజ్యం అంతర్యుద్ధంతో రెండుగా చీలిపోయే అవకాశం ఉండేది. 2004 నాటి రోమ్ టోటల్ వార్ లో రాజధానికి ఎంత దూరమైతే నగరంలో అంత అశాంతి. 2012లో వచ్చిన క్రూసేడర్ కింగ్స్ రెండవ ఆటలో సామంతులు ముఠాలు కడతారు. ముఠా బలం ప్రభువు బలంతో సరితూగే స్థితికి వచ్చినప్పుడు హెచ్చరిక పంపుతారు. ఇవన్నీ ఆటను రక్తి కట్టించడానికి చేసిన ఏర్పాట్లే గాని, వాటి వెనుక ఉన్న లెక్క కల్పితం కాదు.

ఆ లెక్కను 1978లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త చక్కగా విడమరచాడు. ఆయన ఉదాహరణను మన ఉగాది కార్యక్రమానికి మార్చి చెబుతాను. సభలో నూరుమంది ఉన్నారు. వేదిక మీద ఉపన్యాసం సాగుతోంది. వెనుక గదినుండి పులిహోర వాసన వస్తోంది. లేవాలని అందరికీ ఉంది, కాని ఎవరి మొగమాటం వారిది. ఒకాయనకు బొత్తిగా మొగమాటం లేదు. ఎవరూ లేవకపోయినా లేస్తాడు. రెండవ ఆయన, ఒక్కరు లేస్తే తానూ లేస్తాడు. మూడవ ఆయనకు ఇద్దరు లేవాలి. ఇలా నూరవ ఆయనకు తొంభైతొమ్మిదిమంది లేవాలి. ఒక్కొక్కరికీ ఒక గడప అన్నమాట. మొదటివాడు లేవగానే రెండవవాడి గడప తెగుతుంది, దానితో మూడవవాడిది. కాసేపటికి సభ ఖాళీ. ఇప్పుడు ఒకే ఒక మార్పు చేద్దాం. రెండవ ఆయన కొంచెం ఎక్కువ మర్యాదస్థుడనుకోండి. ఒక్కరు చాలరు, ఇద్దరు లేవాలంటాడు. అప్పుడు మొదటివాడు ఒక్కడే లేచి వెళతాడు. తొంభైతొమ్మిదిమంది ఉపన్యాసం చివరిదాకా వింటారు. రెండు సభలలోనూ ఆకలి ఒక్కటే. వక్త మాత్రం మొదటి సభలో తనకు అవమానం జరిగిందనీ, రెండవ సభలో తన ఉపన్యాసం జనాన్ని కట్టిపడేసిందనీ అనుకుంటాడు.

ఈ లెక్కకు తైమూర్ కురాన్ అనే టర్కీ మూలాలున్న ఆర్థికశాస్త్రవేత్త ఇంకొక మెట్టు చేర్చాడు. మనుషులు తమ గడపను దాచుకుంటారు. మనసులో ఒకటి, మాటలో ఒకటి. కాబట్టి పాలకుడికే కాదు, పక్కింటివాడికి కూడా ఎవరు ఎప్పుడు కదులుతారో తెలియదు. విప్లవాలు ముందుగా ఎవరి ఊహకూ అందకపోవడానికి కారణం ఇదేనని అతడు వ్యాసం ప్రచురించింది 1989లో. ఆ ఏడాది నవంబరులోనే బెర్లిన్ గోడ కూలింది. రెండేళ్ళ తరువాత 1991లో సోవియట్ యూనియన్ పోయింది.

(భౌతికశాస్త్రంలోనూ ఇటువంటిది ఉంది. ఇసుకకుప్ప మీద ఒక్కొక్క రేణువే వేస్తూపోతే ఎప్పుడో ఒక రేణువుతో వాలు జారుతుంది; ఏ రేణువుతో జారుతుందో, ఎంత జారుతుందో ముందుగా చెప్పలేమని 1987లో పెర్ బక్ ప్రభృతులు కంప్యూటర్ నమూనాతో చూపారు. ఇసుక ఆ సూత్రానికి అంతగా లొంగలేదు గాని, 1996లో నార్వేలో పొడవాటి బియ్యపు గింజలతో చేసిన ప్రయోగంలో అది సరిపోయింది. షర్కియా ఇసుకదిబ్బల మీద జారి ఆడుకునే మన పిల్లలకు ఈ ముక్క చెప్పి చూడండి.)

ఇక మన చరిత్రకు వద్దాం. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదాతీరాన మరణించాడని శాసనాలు చెబుతున్నాయి. ఆ కోటను జయించిన యువరాజే 1325లో మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. సింధు నుండి వంగదేశం దాకా, దక్షిణాన మధుర దాకా అతడి ఏలుబడి. మా అబ్బాయి పటం వంటిదే ఆ పటం. 1327లో రాజధానిని దేవగిరికి మార్చడం, వెండి నాణేల విలువకు రాగి, ఇత్తడి నాణేలు చెలామణీ చేయబోవడం మన పాఠ్యపుస్తకాలలో చదువుకున్నవే.

1335 ప్రాంతంలో మధురలో అధికారి జలాలుద్దీన్ అహసన్ స్వతంత్రుణ్ణని ప్రకటించుకున్నాడు. దానిని అణచడానికి సుల్తాను స్వయంగా దక్షిణానికి వచ్చాడు. ఓరుగల్లులో సేనలో మహమ్మారి చెలరేగింది. సుల్తాను కూడా జబ్బుపడి, మధుర చేరకుండానే వెనుదిరిగాడు. అతడు చనిపోయాడన్న వదంతి దేశమంతా పాకింది. నా దృష్టిలో కీలకం ఆ వదంతే. దాని వల్ల ఏ రైతు బాధా కొత్తగా పెరగలేదు, ఏ నాయకుడికీ కొత్తగా సైన్యం రాలేదు. మిగతావారు కదులుతారేమో అన్న ఊహ మాత్రం ప్రతివారికీ ఒకేసారి కలిగింది. ఏడాది తిరిగేసరికి కాపయ నాయకుడు ఓరుగల్లు పట్టుకున్నాడు. అదే 1336లో విజయనగరం వెలసిందని సంప్రదాయం. 1338లో వంగదేశం, 1347లో బహమనీ రాజ్యం విడిపోయాయి. తన రాజ్యానికి పట్టిన రోగం ఒకచోట నయమైతే ఇంకొకచోట తలెత్తుతున్నదని సుల్తాను వాపోయినట్లు బరనీ రాశాడు. 1351లో ఇంకొక తిరుగుబాటుదారుణ్ణి తరుముతూనే సింధుదేశంలో తట్టా దగ్గర మరణించాడు.

ఢిల్లీలో కూర్చున్నవారికి ఇది పిడుగుపాటు. గోదావరి తీరాన రేకపల్లిలో ఉన్నవారికి కాదు. ఓరుగల్లు పడిన తరువాత అక్కడ ప్రోలయ నాయకుడు నిలదొక్కుకుని, పోయిన అగ్రహారాలను తిరిగి నిలబెట్టిన వృత్తాంతం విలాస తామ్రశాసనంలో ఉంది. ఆయన తరువాత వచ్చిన కాపయను డెబ్బయి అయిదుగురు నాయకులు కొలిచారని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతుంది. డెబ్బయి అయిదు గడపలు! ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు చివరిదాకా గోడమీద కూర్చున్నారు అన్నది ఏ శాసనమూ చెప్పదు. పదమూడేళ్ళపాటు వారంతా పైకి కప్పం కట్టే సామంతులుగానో, అడవి పట్టిన దొరలుగానో కనిపించి ఉంటారు. ఆనాడు ఓరుగల్లు వదిలి ఢిల్లీకి పారిపోయిన అధికారి మాలిక్ మక్బూల్ కూడా తెలుగుగడ్డ మీద పుట్టినవాడే. తరువాత ఢిల్లీకి వజీరయ్యాడు. ఎవరి మనసులో ఏముందో పుట్టుకను బట్టి కూడా తేలదన్నమాట.

ఆ కాలంలో తుగ్లక్ కొలువులో ఖాజీగా ఉండి, ఓరుగల్లు మహమ్మారిని గురించీ ఆ వదంతిని గురించీ రాసిన ఇబ్న్ బతూతా, ఢిల్లీ చేరడానికి ముందు మనం నివసిస్తున్న ఈ ఒమన్ లోనే జఫార్, ఖల్హాత్ రేవులు చూశాడు. ఈ దేశానికీ ఇటువంటి కథ ఒకటి ఉంది. పాత మస్కట్ లో సముద్రానికి అటూ ఇటూ నిలిచిన జలాలీ, మిరానీ కోటలను చూడని తెలుగు కుటుంబం ఉండదు. 1507లో పోర్చుగీసువారు మస్కట్ ను ఆక్రమించారు. ఈ కోటలను 1580లలో దిట్టం చేసుకున్నారు. 1650 జనవరిలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ వాటిని పట్టుకున్నాడు.

ఆ విజయం వెనుక ఒక భారతీయ వర్తకుడు ఉన్నాడని ఒమనీ చరిత్రకారుడు ఇబ్న్ రుజైక్ రాశాడు. నరోత్తం అనే ఆ బనియా కుమార్తెను కోట అధిపతి బలవంతంగా కోరాడట. ఎదిరించే బలం లేని తండ్రి తలవంచినట్లే వంచి, గడువు అడిగి, కోటలోని ధాన్యం, నీరు, తుపాకిమందు పాతబడ్డాయి, మార్పిస్తానని నమ్మబలికి బయటకు తరలించి, లోపల ఏమీ లేదని ఇమాంకు కబురుచేశాడట. ఇందులో కథ ఎంత, చరిత్ర ఎంత అన్నది పండితులు తేల్చుకోవలసినదే. నాకు మాత్రం కురాన్ సిద్ధాంతానికి ఇంతకన్న మంచి దృష్టాంతం కనబడలేదు. కోట అధిపతి లెక్కలో నరోత్తం చివరిక్షణం దాకా విధేయుడే.

కోటలోనివారికి అది ఒక్క రాత్రిలో జరిగిన ఉపద్రవం. రుస్తాక్ నుండి చూస్తే ఇరవయ్యారేళ్ళ పని. 1624లో నాసిర్ బిన్ ముర్షిద్ ను ఇమాంగా ఎన్నుకున్ననాటినుండి, ఒకరితో ఒకరికి పొత్తు కుదరని తెగలను కూడగట్టి, తీరంలో ఒక్కొక్క స్థావరాన్నీ తీసుకుంటూ వచ్చారు. ఆయన 1649లో కన్నుమూశాడు. మస్కట్ విడుదలను చూడలేదు. కాబట్టి "హఠాత్తుగా" అన్న మాట చరిత్రలో కనిపించినప్పుడల్లా, అది ఎవరి కిటికీలోంచి చూసి రాసినదో అడగాలని నా అభిప్రాయం.

ఆటలోని లోపం ఇక్కడే ఉంది. మావాడి ఆటలో ప్రతి మండలం పక్కనా అశాంతి ఎంతో ఒక అంకె కనబడుతుంది. తుగ్లక్ కు అటువంటి అంకె ఉంటే ఆ చరిత్రే వేరు. ఆట ప్రజల మనసును రాజుకు తెరిచి చూపుతోంది. లోకంలో దాగి ఉండేది సరిగ్గా అదే. ఇక రెండవ లోపం, నా మనసుకు ఎక్కువ బాధ కలిగించేది: ఆడేవాడు ఎప్పుడూ సింహాసనం మీదనే ఉంటాడు. తిరుగుబాటుదారుకు పేరుండదు, ఊరుండదు; పన్ను వసూలుకు అడ్డుపడే ఎర్రచుక్క. చిన్న రాజ్యంతో మొదలుపెట్టే వీలు ఉన్నా, పెద్దదయ్యేదాకానే ఆ చిన్నతనం. ఓరుగల్లు మనవాళ్ళు పటంలో ఎర్రచుక్కలుగా బతికిన పదమూడేళ్ళు ఏ పిల్లవాడికి తెలుస్తాయి? మన సంఘాలు నిర్వహించే చరిత్ర ప్రశ్నల పోటీలూ దీనికి తీసిపోవు. రాజుల వరుస అడుగుతాం, పట్టాభిషేక సంవత్సరాలు అడుగుతాం. ఆ డెబ్బయి అయిదుగురిలో ఒక్కరి పేరైనా అడగము. వచ్చే ఏడాదినుండైనా అడగాలి.

అలాగని కూలిన ప్రతి సామ్రాజ్యానికీ చప్పట్లు కొట్టమని నా ఉద్దేశం కాదు. సయ్యద్ సయీద్ 1856లో మరణించాక ఒమన్, జంజిబార్ లు ఇద్దరు కుమారుల మధ్య విడిపోయి, 1861లో ఆంగ్లేయుల తీర్పుతో వేరు రాజ్యాలయ్యాయి. జంజిబార్ లో ఆ వంశపు పాలన 1964 జనవరి 12న, ఆంగ్లేయులనుండి స్వాతంత్ర్యం వచ్చిన ముప్పయిమూడవ రోజున, కొన్ని వందలమంది చేసిన తిరుగుబాటుతో ఒక్కరోజులో పోయింది. లేచినవారి కడుపుమంట పాతదే, నిజమైనదే. ఆ రోజుల్లో చచ్చిపోయిన వేలాదిమంది కూడా నిజమే. మస్కట్ లో మన ఇరుగుపొరుగున ఇంట్లో స్వాహిలీ మాట్లాడుకునే ఒమనీ కుటుంబాలు ఉన్నాయి. వారి నాయనమ్మలలో కొందరికి అది పటం మీద మారిన రంగు కాదు. తలుపు గడియపెట్టుకుని కూర్చున్న రాత్రి. ఈ సంగతి కూడా మావాడికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తరువాతి గురువారం కొత్త ఆట మొదలుపెట్టాడు. ఈసారి గోదావరి పక్కన పటంలో వెతికితేగాని కనబడని ఒక చిన్న సంస్థానం. పెద్ద రాజ్యానికి కప్పం కడుతూ, ఇరుగుపొరుగు సామంతులకు కబుర్లు పంపుతున్నాడు. మొన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాను, ఎంతమంది నీతో వస్తామన్నారని. "ముగ్గురు, నాన్నా. నాలుగోవాడు వస్తే మిగతావాళ్ళూ వస్తారేమో. వాడు ఏమీ తేల్చి చెప్పడం లేదు" అన్నాడు.