సత్రాలనూ లెక్కలో వేయండి



కారు ప్రయాణంలో చౌక బసకు ఫోన్ యాప్‌లే దిక్కన్న గత సంచిక వ్యాసం శ్రీశైలం దారిని మరిచింది. హైదరాబాద్ వైపు మన్ననూరు అటవీ గేటు రాత్రి 9కి మూసి, ఉదయం 6కి తెరుస్తారు. ఆలస్యమైనవాళ్లు ఇవతలే ఆగాలి. కొండమీద దేవస్థానం గదులు, కులసంఘాల సత్రాలు ఉన్నాయి. ఆధార్ చూపి, అడ్వాన్సు కట్టి తాళంచెవి తీసుకోవడమే. దుప్పటి వెంట ఉంటే మేలు. అయితే కొన్ని సత్రాలు తమ కులంవారికే గదులిస్తాయి. మల్లన్న సన్నిధిలో ఇది తగని పని.

దీనికి భిన్నంగా బీదర్‌లో నానక్ ఝీరా గురుద్వారా ఉంది. యాత్రికులకు బస, లంగరు అనే సామూహిక వంటశాలలో ఉచిత భోజనం. కులం ఊసే ఉండదు.

శివరాత్రికి, కార్తీకమాసానికి శ్రీశైలం వెళ్లేవారు మాత్రం గది ఖాయం చేసుకున్నాకే బండి తీయాలి.

– ఒక పాఠకుడు, కర్నూలు