కారు షెడ్డుపై సౌర ఫలకాలు: నీడ ఒకరిదైతే కరెంటు ఎవరిది?

‘రూఫ్‌టాప్ సోలార్’ అనగానే మన చూపు ఇంటి డాబా వైపే వెళ్తుంది. మెయిన్స్‌లో ప్రశ్న వస్తే లక్ష్యం, సబ్సిడీ అంకెలు రాసి ముగించేస్తాం. ఈసారి ఫరీదాబాద్‌ను కళ్ల ముందు పెట్టుకుని ఆలోచించండి. గ్రేటర్ ఫరీదాబాద్ టవర్లలో వందల కుటుంబాలు ఉంటాయి. పైన ఉన్న కాస్త డాబాను నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గదులు ఆక్రమిస్తాయి. సెక్టార్లలో అంతస్తుకో యజమాని ఉన్న ఇళ్లలో అసలు డాబా ఎవరిదన్న దగ్గరే పేచీ. రోజంతా ఎండ పడుతూ ఖాళీగా ఉండేది కార్లు నిలిపే చోటే. ఇంటికి విడిగా ఉండే ఆ షెడ్డు మీద సౌర విద్యుత్ తయారు చేయాలి. అయితే ప్రజాధనం ముందుగా చేరాల్సింది ఒక్కరి కారు షెడ్డుకు కాదు, అందరూ పంచుకునే పార్కింగ్‌కు. ఇదీ నా వాదన.

ముందు నిబంధనలు చూద్దాం. 2024 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ‘పీఎం సూర్య ఘర్: ముఫ్త్ బిజ్లీ యోజన’ వ్యయం రూ.75,021 కోట్లు, లక్ష్యం కోటి ఇళ్లు. దీని మార్గదర్శకాలు డాబాతోపాటు బాల్కనీని, ఎత్తులో కట్టిన నిర్మాణాలను కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ప్లాంటు ఏ గృహ కనెక్షన్‌కు అనుసంధానమైందన్నదే ఇక్కడ ముఖ్యం. 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి రూ.78,000 సాయం అందుతుంది. రెండు కార్ల షెడ్డుపై ఆ 3 కిలోవాట్లు సులువుగా పడతాయి. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్ల చొప్పున నెలకు 360 యూనిట్ల దాకా వస్తాయి.

కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. డాబాకు స్తంభాలు అక్కర్లేదు. షెడ్డుకు ఉక్కు స్తంభాలు, పునాదులు కావాలి. నాలుగు వైపులా తెరిచి ఉండటంతో వేసవి ఈదురుగాలి కింది నుంచి దూరి ఫలకాలను పైకి లేపుతుంది. అందుకే గాలి భారంపై ఉన్న ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం డిజైన్ ఉండాలి. షెడ్డు నుంచి ఇంటి మీటరు దాకా భూమిలో కేబుల్ వేయాలి, విడిగా ఎర్తింగ్ ఇవ్వాలి. ఇలా ఖర్చు పెరుగుతుంది, సబ్సిడీ మాత్రం పెరగదు. కాబట్టి వ్యక్తిగత షెడ్డుకు ఈ సాయంతో ముందుకొచ్చేది ఇప్పటికే కారూ, స్థలమూ, పెట్టుబడీ ఉన్నవారే. సమానత్వం దృష్టితో చూస్తే ఈ పథకం బలహీనత ఇదే.

ఇప్పుడు ఉమ్మడి పార్కింగ్ లెక్క వేయండి. ఒక సొసైటీలో ఆరుబయట 100 కార్లకు చోటు ఉందనుకుందాం. కారుకు 12.5 చదరపు మీటర్ల చొప్పున 1,250 చదరపు మీటర్లు. కిలోవాటుకు 10 చదరపు మీటర్లు తీసుకున్నా 125 కిలోవాట్లు. హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు ఇదే పథకం కిలోవాటుకు రూ.18,000 ఇస్తుంది. అంటే రూ.22.5 లక్షలు. లిఫ్టులు, పంపులు, మెట్ల దగ్గర దీపాలు, ఈవీ చార్జింగ్ దీనితో నడిస్తే కారు లేని కుటుంబానికీ నిర్వహణ బిల్లు తగ్గుతుంది.

ఒక అపోహ తొలగించుకోండి. గ్రిడ్‌తో కలిసిన సాధారణ ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణరక్షణ కోసం పెట్టిన ఏర్పాటిది. కాబట్టి ఫలకాలు పెట్టగానే ఎన్‌సీఆర్‌లో డీజిల్ జనరేటర్ల పొగ మాయమవుతుందని రాయకండి. బ్యాటరీయో, జనరేటర్‌తో సమన్వయమో కావాలి.

అసలు చిక్కు సాంకేతికతలో కన్నా మీటరులో ఉంది. ఉమ్మడి షెడ్డులో పుట్టిన యూనిట్లను ఫ్లాట్ల బిల్లుల్లోకి పంచాలంటే వర్చువల్ నెట్ మీటరింగ్ కావాలి. పొరుగున ఢిల్లీ విద్యుత్ నియంత్రణ కమిషన్ 2019లోనే ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్ర పథకమూ దీన్ని గుర్తించింది. సామాన్యుడికి ఇది అందేలా చేయాల్సింది రాష్ట్ర నియంత్రణ కమిషన్లు, డిస్కంలు. విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉన్న అంశమని పాలిటీలో చదివాం కదా, దాని ఆచరణ రూపం ఇదే.

భవనం లేని చోటా పైకప్పు వేయవచ్చని మన హైదరాబాద్ చూపింది. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ పైకప్పు 16 మెగావాట్ల సౌర ప్లాంటు. ఫ్రాన్స్ అదే ఏడాది మార్చిలో చట్టమే చేసింది: 1,500 చదరపు మీటర్లు దాటిన బహిరంగ పార్కింగ్‌లలో కనీసం సగభాగంపై దశలవారీగా సౌర కప్పు ఉండాలి. మన దగ్గర కలెక్టరేట్లు, ఆస్పత్రులు, మెట్రో స్టేషన్ల పార్కింగ్‌లతో ఇలాంటి నియమం మొదలుపెట్టవచ్చు.

2022 నాటికి 40 గిగావాట్ల రూఫ్‌టాప్ లక్ష్యాన్ని మనం అందుకోలేకపోయాం. ఈసారి ఎన్ని ఫలకాలు పెట్టారన్న లెక్కతో సరిపెట్టకుండా, ఆ కరెంటు ఎవరి బిల్లులో తగ్గిందో కూడా అడగాలి.

సాధన ప్రశ్న: ‘పట్టణ సౌర విద్యుత్‌కు కొరత స్థలానిది కాదు, హక్కుల స్పష్టతది.’ ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)