మూడక్షరాలకు మూడు గుర్తులు చాలవు

తెలుగులో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసేవారికీ, అనువదించేవారికీ, ఆ ఫైళ్లను చదివే పార్సర్లను తయారుచేసేవారికీ ఒక విన్నపం.

రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ ఫైలు ఒకటి తెరిచి "ప్రారంభం" అని కొట్టండి. దాన్ని శీర్షిక చేయడానికి కింది వరుసలో మూడు సమాన గుర్తులు పెట్టండి. కంటికి మూడక్షరాలే కదా, చాలనిపిస్తుంది. పేజీ తయారయ్యాక చూస్తే శీర్షిక ఉండదు. "ప్రారంభం ===" అని మామూలు పేరా ఉంటుంది. విషయసూచికలోనూ కనపడదు. మామూలు అమరికలో హెచ్చరికైనా రాదు.

ఈ ఫైళ్లను చదివే పార్సర్ డాక్‌యుటిల్స్. దాని లెక్క వేరు మరి. ప, పొల్లు, ర, దీర్ఘం, ర, సున్న, భ, సున్న: మొత్తం ఎనిమిది. అందులో పొల్లు ఒక్కదాన్నే తీసేసి వెడల్పు ఏడని తేలుస్తుంది. గీత అంతకన్నా పొట్టిదై, నాలుగు గుర్తులైనా లేకపోతే దాన్ని గీతగానే చూడదు. ఐదు పెడితే శీర్షికగా ఒప్పుకుంటుంది గానీ పొట్టిగా ఉందని సణుగుతుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఈ తంటా లేదు, కనపడే అక్షరాలే వాళ్ల లెక్క.

కాబట్టి లెక్కపెట్టడం మానేద్దాం. శీర్షిక ఎంతున్నా కింద 40 గుర్తులు కొట్టేద్దాం. ఇంకా పొడుగు శీర్షికైతే ఇంకా పొడుగు గీత. గీత ఎక్కువైతే పార్సర్‌కు అభ్యంతరం లేదు. ఏ గుర్తు ముందు కనిపిస్తే అదే పై స్థాయి అనుకుంటుంది కనుక ఫైలు ఫైలుకూ వరుస మార్చకండి.

2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన మార్క్‌డౌన్‌లో చిక్కు తలకిందులు. అక్కడ ఒక్క గుర్తు చాలు. అడ్డగీత కోసం పేరా కింద ఖాళీ వరుస వదలకుండా మూడు హైఫన్లు పెట్టారో, మార్క్‌డౌన్‌కు ప్రమాణ రూపమైన కామన్‌మార్క్ ఆ పేరా మొత్తాన్నీ రెండో స్థాయి శీర్షిక చేసేస్తుంది. గీతల శీర్షికలు వదిలేసి హ్యాష్ గుర్తే వాడండి. దాని తర్వాత ఒక ఖాళీ తప్పనిసరి. గ్రూబర్ పాత ప్రోగ్రాం ఖాళీ లేకున్నా సర్దుకుపోయేది, కామన్‌మార్క్ సర్దుకోదు.

ఇక పార్సర్లు రాసేవారికి. పైథాన్-మార్క్‌డౌన్ విషయసూచికలో తెలుగు శీర్షికకు లింకు పేరే పుట్టదు, _1, _2 అని అంకెలు పడతాయి. యూనికోడ్ పద్ధతికి మారిస్తే గుణింతాలన్నీ రాలిపోయి "తెలుగు" కాస్తా "తలగ" అవుతుంది. (ఇది చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.) గుణింతం అక్షరంలో భాగమే. లింకుల్లో దాన్ని ఉంచండి, వెడల్పు కొలిచేటప్పుడు చదివేవాడి కంటికి కనపడే అక్షరాన్నే ఒకటిగా లెక్కించండి.

డాక్యుమెంటేషన్ రాసే మిత్రులు ఈ లోపు ఒక పని చెయ్యొచ్చు. "ప్రారంభం", "తెలుగు" అనే రెండు శీర్షికలతో చిన్న ఫైలొకటి చేసి, మీరు వాడే పార్సర్ పరీక్షల్లో చేర్చమని దాని నిర్వాహకులకు పంపండి.