ఇంటి కంప్యూటరునకు ఆపద్బంధువు



పోయిన నెల ఈ శీర్షికయందు విద్యుచ్ఛక్తి హెచ్చుతగ్గులవలన ఇంటి యంత్రములు చెడకుండ తీసికొనవలసిన జాగ్రత్తలను గూర్చి వ్రాసితిని. ఈ నెల కంప్యూటరును గూర్చి చెప్పదలచితిని. పిల్లల చదువు, పెండ్లి ఫోటోలు, బ్యాంకు కాగితములు, ఇంటిపన్ను రసీదులు అన్నియు నేడు దానిలోనే దాచుకొనుచున్నాము. అది ఒకనాడు లేవకపోయినచో మన గతి యేమి?

ఈ ప్రశ్న నాకు ఊరక తోచినది కాదు. మా తండ్రిగారు నాకు చిన్ననాట రఘువంశమును, మనుచరిత్రమును ఇంటనే చెప్పిరి. వారి చివరి రెండు సంవత్సరములలో సాయంకాలములందు పద్యములు చదివి అర్థము చెప్పుచుండగా, నేను ఆ కంఠమును ఫోనులో పట్టి, పిదప మావారి ల్యాప్‌టాపులోనికి ఎక్కించితిని. ఫోనులో చోటు చాలక అక్కడివి చెఱిపివేసితిని. ఇక ఆ కంఠము లోకమునందు ఒక్కచోటనే మిగిలినది. గడచిన చైత్రమున మావారు పదవ తరగతి జవాబుపత్రములు దిద్దుటకు వెళ్లియున్న దినమున ల్యాప్‌టాపు తెఱచితిని. చుక్కలు గుండ్రముగ తిరిగినవి, నీలితెర పడినది, మరల మొదటికి వచ్చినది. ఎన్నిమారులు చేసినను అదియే వరుస.

బజారులో బాగుచేయు నతని యొద్దకు తీసికొనిపోతిని. అతడు రెండు నిమిషములు చూచి, “విండోసు పోయిందమ్మా. అంతా తుడిచి కొత్తది వేస్తాను. లోపలి ఫైళ్లు మాత్రం ఉండవు” అనెను. నాకు కాళ్లలో సత్తువ పోయినది. యంత్రమును ఒడిలో బెట్టుకొని ఆటోలో ఇంటికి తిరిగి వచ్చితిని.

ఇచట మనము గ్రహింపవలసిన దొకటి కలదు. విండోసు వేఱు, మనము దాచిన వస్తువులు వేఱు. వీధి తలుపు గడియ బిగిసిపోయిన మాత్రమున పెట్టెలోని పట్టుచీర పాడైనట్లా? మఱియొక తలుపున లోపలికి పోయి చీర తెచ్చుకొనవచ్చును. ఆ రెండవ తలుపే లినక్సు లైవ్ డిస్కు.

లినక్సు అనునది విండోసువలె కంప్యూటరును నడుపునట్టిదే. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభింపగా, పలుదేశముల నిపుణులు చేయి కలిపి పెంచిరి. ఎవరైనను వెల యీయక వాడుకొనవచ్చును. దీనిని కంప్యూటరులో స్థాపింపకయే, ఒక సీడీనుండి గాని పెన్‌డ్రైవునుండి గాని నడుపవచ్చును. 2000వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడు క్లౌస్ క్నోపర్ వెలువరించిన క్నోపిక్సు ఈ పద్ధతికి గొప్ప ప్రచారము తెచ్చినది. ఇట్లు నడుచునపుడు అది కంప్యూటరుయొక్క తాత్కాలిక స్మృతిలో మాత్రమే నివసించును. మనము కోరిననే గాని లోపలి డిస్కుపై ఒక్క అక్షరమైనను వ్రాయదు. ఆర్పివేసిన వచ్చిన జాడయే యుండదు.

లేవని యంత్రములోని వస్తువులు క్షేమముగ నుండవచ్చునని లోకమంతయు ఒక్కనాడే చూచిన సందర్భ మున్నది. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన లోపముగల యొక చిన్న ఫైలువలన సుమారు 85 లక్షల విండోసు కంప్యూటర్లు నీలితెరతో నిలిచిపోయినవి. మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన చీటీలిచ్చి విమానము నెక్కించిరి. ఆ యంత్రములలోని సమాచారము చెడలేదు. వేఱు మార్గమున లోపల ప్రవేశించి ఆ ఫైలు నొక్కదానిని తొలగింపగా యంత్రములు మరల లేచినవి. మైక్రోసాఫ్టువారు సయితము పెన్‌డ్రైవునుండి నడచు నొక సాధనమును ఇందుకొఱకు వెలువరించిరి.

ఇక ఏ లినక్సును ఎన్నుకొనవలెను? ఇందులోనే నేను మొదట పొరపడితిని. ఆపద పెద్దది గనుక పరికరములు హెచ్చుగా నున్నదే మేలని తలచి, సిస్టమ్‌రెస్క్యూ అనుదానిని పొరుగింటి కంప్యూటరుపై తెచ్చుకొంటిని. అది నిజముగ గొప్పదే. కాని యంత్రమున పెట్టగా నల్లని తెరపై తెల్లని యక్షరములు నాలుగు వరుసలు కనబడి, మినుకుమినుకుమను నొక గీత నా యాజ్ఞకొఱకు నిలిచినది. అచట ‘స్టార్ట్ఎక్స్’ అను నొక్క మాట కొట్టినచో బొమ్మలతో గూడిన తెర వచ్చునని నాకు తెలియదు. ఒక యక్షరము తప్పు కొట్టిన మా తండ్రిగారి కంఠము పోవునేమో యని చేతులు వణకి ఆర్పివేసితిని.

మఱునాడు మా ఆడపడుచు కుమారుడు ఉక్కునగరమునుండి వచ్చెను. అతడు లినక్సు మింట్ అనుదానిని పెన్‌డ్రైవుపై నెక్కించి తెచ్చెను. ఆ తెర విండోసును పోలియున్నది. క్రింద వరుస, ఎడమప్రక్క పట్టిక, ఫైళ్లకు పసుపుపచ్చని సంచులు. డిస్కు నొక్కగా మావారి పేరుగల సంచి తెఱచుకొన్నది. నేను ఆత్రముతో, “బాబూ, విండోసును గూడ బాగుచేయవచ్చునా?” అంటిని. అతడు, “అత్తయ్యా, ముందు బాగుచెయ్యాలని చూడకండి. ముందు బయటికి తీసుకోండి” అనెను. ఇల్లు కాలునపుడు పిల్లను ముందు బయటికి తెచ్చి, పిదప కప్పు సంగతి చూతుము. ఈ న్యాయమును మీరందఱు మనస్సున నుంచుకొనుడు. ఫైళ్లన్నియు వేఱొక డిస్కులోనికి దిగుటకు రెండు గంటలు పట్టినది. అన్నియు వచ్చిన పిమ్మట ఒకటి వినిచూచితిని. ప్రవరుడు హిమాలయమునకు పోవు ఘట్టము. మా తండ్రిగారు నడుమ దగ్గి, “ఎక్కడున్నాం?” అని నన్నడుగుట వినబడినది.

ఈ యనుభవమునుబట్టి ఎన్నికను గూర్చి నాకు తోచినది చెప్పెదను.

మొదటిది, మన కన్నులకు అలవాటైనదానిని ఎన్నుకొనవలెను. ఇంట సాధారణముగ కావలసినది ఫైళ్లను బయటికి తీయుటయే. అందుకు మింట్, ఉబుంటు వంటివి చాలును. పాతబడి శక్తి తగ్గిన యంత్రమునకు మింటులోనే ఎక్స్ఎఫ్‌సీయీ అను తేలికరకము కలదు. తెలుగుతెర కావలయునన్నచో, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారును, సీడాక్ వారు బాస్ అను పేరుతోను భారతీయ భాషలలో లినక్సును సిద్ధపరచిరి. ఏదైనను ముందుగా మీ యంత్రమున నడిపి చూచుకొనుడు.

రెండవది, అది మీ యంత్రమున లేవవలెను. క్రొత్త కంప్యూటర్లలో సెక్యూర్ బూట్ అను కావలివా డుండును. ముద్ర లేనివానిని లోపలికి రానీయడు. మింట్, ఉబుంటు, ఫెడోరా అను వానికి ఆ ముద్ర కలదు. సిస్టమ్‌రెస్క్యూను లేపవలెనన్న ఆ కావలిని ముందుగా తీసివేయవలెను. మఱియు ఎన్నియో యేండ్ల క్రిందటి ప్రతి క్రొత్త యంత్రములోని భాగములను గుర్తింపకపోవచ్చును గనుక, ఏటేట క్రొత్త ప్రతిని ఎక్కించుకొనుట మేలు.

మూడవది, ప్రత్యేకపు పనికి ప్రత్యేకపు పనిముట్టు. చెఱిపిన ఫైళ్లను వెదకు టెస్ట్‌డిస్కు, ఫోటోరెక్. చెడుచున్న డిస్కునుండి దొరికినంత లాగుకొను డీడీరెస్క్యూ మొదలగునవి సిస్టమ్‌రెస్క్యూలో సిద్ధముగ నుండును. డిస్కునంతను యథాతథముగ ప్రతి తీయుటకు తైవాను దేశమున పుట్టిన క్లోన్‌జిల్లా ప్రసిద్ధము. ఇవి తెలిసిన చేతిలో నుండవలసినవి. రెండవ పెన్‌డ్రైవుపై వేసి దాచియుంచి, అవసరము వచ్చినపుడు ఇంటనున్న చదువుకొన్న పిల్లవానికో పిల్లకో ఇండు.

నాలుగవది, దానిని తయారుచేసినవారి స్వంత సైటునుండియే దింపుకొనుడు. అచట ఇచ్చిన సరిచూపు సంఖ్య మీరు దింపినదానితో సరిపోయినదా యని చూచుకొనుడు. ఎవరో యిచ్చిన పెన్‌డ్రైవును మన బ్యాంకు కాగితములున్న యంత్రమున పెట్టుట తగదు.

చేయు విధానము సులభము. 8 జీబీల పెన్‌డ్రైవు చాలును. విండోసులో రూఫస్ అను సాధనముతో లినక్సు ప్రతిని దానిపై నెక్కింపవలెను. ఊరక నకలు చేసిన లేవదు. ఎక్కించునపుడు పెన్‌డ్రైవులోని పాతవన్నియు పోవునని మఱవకుడు. పిదప యంత్రమును ఆర్పి, పెన్‌డ్రైవు గ్రుచ్చి, వెలిగించిన వెంటనే తగిన మీటను మరల మరల నొక్కవలెను. డెల్, లెనోవో, ఏసర్ యంత్రములలో తఱచుగ ఎఫ్ 12. హెచ్‌పీలో ఎస్కేప్ గాని ఎఫ్ 9 గాని యగును. మీ యంత్రపు మీట యేదో కనుగొని, చిన్న చీటీపై వ్రాసి పెన్‌డ్రైవునకు కట్టియుంచుడు.

తెర వచ్చిన పిమ్మట జాగ్రత్తలు కొన్ని. తెరపై ‘ఇన్‌స్టాల్’ అను గుర్తు కనబడును. దానిని ముట్టకుడు, అది యంత్రమున లినక్సును స్థాపించునది, పాతవి తుడిచివేయుట సంభవించును. ఫైళ్లను ‘కాపీ’ చేయుడు గాని ‘కట్’ చేయకుడు. విండోసు పూర్తిగా ఆగక నిద్రావస్థలో నిలిచియున్నచో, లినక్సు ఆ డిస్కును చదువుటకు మాత్రమే తెఱచుట కలదు. భయపడనక్కఱలేదు, మనకు కావలసినది చదువుటయే. డిస్కునుండి టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చుచున్నచో తత్క్షణమే ఆర్పివేసి నిపుణుల కీయవలెను. అట్టిదానిని మనము నడపినకొలది మిగిలినది గూడ పోవును.

ఈ సాధనమునకు లొంగని తాళములును గలవు. మా ఆడపడుచు ఇంటనున్న క్రొత్త ల్యాప్‌టాపులో ఇదే పెన్‌డ్రైవును పరీక్షగా పెట్టి చూచితిమి. మింట్ చక్కగ లేచినది గాని, డిస్కు నొక్కగా తాళపుసంఖ్య నడిగినది. క్రొత్త విండోసు యంత్రములు పెక్కింటియందు బిట్‌లాకర్ అను గుప్తరక్షణ మనము కోరకయే అమరుచున్నది. దానికి 48 అంకెల తాళపుసంఖ్య యుండును. తఱచుగ అది మన మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రమై యుండును. సెక్యూర్ బూటును మార్చినను విండోసే ఆ సంఖ్య నడుగవచ్చును. అది లేనిచో ఏ లినక్సును ఏమియు చేయజాలదు. కావున యంత్రము ఆరోగ్యముగ నున్నపుడే ఆ 48 అంకెలు కాగితముపై వ్రాసి, ఇంటి దస్తావేజులతో బీరువాలో పెట్టుడు. వదినగారు నాటి సాయంకాలమే వ్రాసి పెట్టిరి.

అట్లే దుండగులు ఫైళ్లను గుప్తలిపిగా మార్చి సొమ్ము కోరు వైరసులకు ఇది విరుగుడు కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అను నట్టి పీడ మన రాష్ట్రపు పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లను గూడ తాకినది. దానికి నిజమైన మందు వేఱొకచోట దాచిన ప్రతి యొక్కటే.

మన విశాఖ రేవున నిలుచు ఓడలను చూచితిరి గదా. వాని ప్రక్కలందు నారింజరంగు ప్రాణరక్షణ పడవలు వ్రేలాడుచుండును. ఓడవారు నెలకొకమారైనను ఓడ విడుచు అభ్యాసము చేయవలెనని అంతర్జాతీయ నియమము. ఓడ మునుగునపుడు పడవ దించుట నేర్చుకొనువారు లేరు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను మన నగరముపై బడి, దినముల తరబడి కరెంటును ఫోన్లును లేకుండ చేసినపుడు, కొవ్వొత్తులు ఎక్కడ పెట్టితిమో చీకటిలో వెదకుకొన్న యిండ్లు ఎన్నియో మన మెఱుగుదుము. చెడిన యంత్రమున పెన్‌డ్రైవు తయారుకాదు. నడచుచున్న నాడే చేసియుంచవలెను.

అందుచేత ఈ ఆదివారమునాడు వంట ముగిసిన పిదప ఒక గంట తీరిక చేసికొనుడు. పెన్‌డ్రైవు తయారుచేసి, ఒకమారు యంత్రమును దానితో లేపి, మీ పిల్లల ఫోటో నొకదానిని తెఱచి చూచి, మరల ఆర్పివేయుడు. అంతవఱకు వచ్చినచో ఆపదనాడు మీ చేయి వణకదు. అన్నిటికంటె ముఖ్యముగ, ఒక్కచోటనే యున్న వస్తువేదో జ్ఞాపకము తెచ్చుకొని, దానికి ఆ పూటయే రెండవ ప్రతి చేయుడు. మా తండ్రిగారి కంఠము ఇప్పుడు మూడు చోట్ల నున్నది: మా బీరువాలో నొకటి, నా ఫోనులో నొకటి, ఆడపడుచు ఇంట నొకటి.