నాబ్ ఏదండీ?

మా ఇంట్లో కారు నడిపేది నేను. ఈ ఒక్క ముక్కా ముందే చెప్పేస్తే తక్కిన గొడవంతా మీకు సులువుగా అర్థమవుతుంది. మా వారు జీవితంలో స్కూటరు దాటి రాలేదు. పక్క సీట్లో కూర్చుని ‘బ్రేకు, బ్రేకు’ అనడం మాత్రం వచ్చు. మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒకటి రెండు సార్లు స్టీరింగు పట్టుకుంటాడు. నేనో, వారానికి అయిదు రోజులు పొద్దున్నే విజయవాడ నుంచి గుంటూరు వెళ్ళి, బ్యాంకులో ఆ పూటకి రాసిపెట్టి ఉన్న తిట్లన్నీ తిని, మళ్ళీ చీకటి పడ్డాక వారధి దాటి ఇంటికి చేరతాను. అలా ఎనిమిదేళ్ళు దాటింది.

అటువంటి కారులోకి కంప్యూటరు కొనవలసి వస్తే ఎవరు ఎంచాలంటారు? మా వారు, మా అబ్బాయి, ఆటోనగర్ షాపాయన - ముగ్గురూ కలిసి ఎంచారు. డబ్బు నేను ఇచ్చాను.

2016 లో కారుతో పాటు వచ్చిన రేడియో ఒకటి ఉండేది. దానికి మధ్యలో గుండ్రంగా, చేతికి గరుగ్గా తగిలే నాబ్ ఒకటి. తిప్పితే పాట పెరిగేది, వెనక్కి తిప్పితే తగ్గేది, నొక్కితే నోరు మూసుకునేది. పాపం ఒకరోజు నిజంగానే నోరు మూసుకుంది. రిపేరు చేయిద్దామన్నాను. ‘ఏమోయ్, ఈ రోజుల్లో రేడియో రిపేరేమిటి, అందరూ తెరలు పెట్టించుకుంటుంటే’ అన్నారు మా వారు. ఆ రాత్రే వీడియో కాల్‌లో తండ్రీ కొడుకుల మంతనాలు మొదలయ్యాయి. ర్యామ్ నాలుగు జీబీకి తగ్గకూడదు. తెర తొమ్మిది అంగుళాలుండాలి. ఫోనుకి తీగె లేకుండానే కలవాలి. సినిమా చూస్తే బొమ్మ తేటగా కనబడాలి. పెళ్ళివారు కుర్రాడి జీతం, ఎత్తు, రంగు, గోత్రం అన్నీ కనుక్కుని, పిల్లకి నచ్చాడా అని అడగడం మరిచిపోతారు చూడండి, అచ్చం అలాగే జరిగింది.

నేనైతే షాపులో ఒక్కటే అడిగాను. ‘సౌండు తగ్గించే నాబ్ ఏదండీ?’

షాపాయన నవ్వాడు. మా వారు నవ్వారు. ఫోన్లోంచి మా అబ్బాయీ నవ్వాడు. ‘ఇప్పుడన్నీ టచ్చే మేడమ్, ఇలా ముట్టుకుంటే చాలు’ అన్నాడు షాపాయన. ముట్టుకోవాలంటే ముందు చూడాలి కదా అన్న మాట నాకు అప్పుడు తట్టలేదు. తడితే ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

బిగించిన కుర్రాడి పనితనాన్ని పూర్తిగా తీసిపారెయ్యను. కారు తీగెలు కొయ్యకుండా, సరిపోయే కప్లరు తెచ్చి తగిలించాడు. తీగెలు కోసి, టేపు చుట్టి వదిలేసేవాళ్ళున్నారట. తరవాత ఎక్కడ షార్టయినా మన నెత్తినే. అంచేత ఆ కుర్రాడికి నా దండం. కాని రెండు తీగెల విషయంలో మాత్రం వాడు తన బుర్ర ఉపయోగించాడు. అదేమిటో నాకు తెలియడానికి పదిహేను రోజులు పట్టింది.

నవంబరులో ఒక రాత్రి. ముసురు పట్టింది. తాడేపల్లి దాటి వారధి ఎక్కాను. ముందు అద్దం నిండా చినుకులు, వాటి మీద ఎదుటి బండ్ల లైట్లు. వీటికి తోడు లోపల తొమ్మిదంగుళాల తెర పెళ్ళి పందిరిలా వెలిగిపోతోంది. హెడ్‌లైట్లు వేసినా దాని వెలుగు తగ్గలేదు. ఆ వెలుగు అద్దంలో పడి రోడ్డు మీద ఇంకో రోడ్డు కనబడుతోంది. అంతలో తెనాలి నుంచి మా చెల్లెలి ఫోను వచ్చింది. తెర మీద మ్యాపు మాయమై దాని ఫోటో ప్రత్యక్షమయింది. ఫోను కట్ చేశాను. పాట మళ్ళీ గావుకేక పెట్టింది. సౌండు తగ్గిద్దామని చూశాను. స్పీకరు బొమ్మ ఏ మూలనో ఉంది. వేలు పెడితే పక్కదాని మీద పడి ఇంకేదో తెరుచుకుంది. వెనక్కి వెళ్ళే బాణం కోసం మళ్ళీ చూశాను.

తల ఎత్తేసరికి ఎదురుగా మోపెడు. వెనక లైటు లేదు. మొగుడు, పెళ్ళాం, మధ్యలో ప్లాస్టిక్ కవరు కప్పుకున్న పిల్ల.

బ్రేకు మీద నిలబడ్డాననే చెప్పాలి. కారు జానెడు దూరంలో ఆగింది. అతను అసలు గమనించనే లేదు, ముందు ట్రాఫిక్కు చూసుకుంటున్నాడు. ఆ అమ్మాయి మాత్రం వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. తిట్టలేదు. పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుని తిరిగి కూర్చుంది.

ఇంటికొచ్చి చెబితే మా వారు, ‘నువ్వు కాస్త చూసుకుని నడపద్దూ?’ అన్నారు.

నా గొడవంతా ఈ మాటతోనే. చూసుకునే నడపాలి. మరి చూడకుండా పని జరగని వస్తువుని నా ముందు బిగించి, నన్ను చూసుకుని నడపమంటే ఎలా? గంటకి 60 కిలోమీటర్ల మీద పోతున్న బండి మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. ఆ 50 మీటర్లూ మనం కళ్ళు మూసుకుని నడిపినట్టే. మూడు సెకన్లంటే ఎంతండీ? తెర మీద స్పీకరు బొమ్మ వెతికినంత.

‘మీ ఆడవాళ్ళకి కొత్త మిషన్లంటే భయం’ అంటారు. ఎవరికి భయం? చంకలో పిల్లని వేసుకుని, ఫోన్లో అత్తగారితో మాట్లాడుతూ, వెనక్కి తిరక్కుండా గ్యాసు స్టవ్వు నాబ్ సిమ్‌లోకి తిప్పేది మనమే కదా. కళ్ళు పాల మీద ఉంటాయి, నాబ్ సంగతి వేళ్ళు చూసుకుంటాయి. నేను 1986 లో టైపు లోయరు పాసయ్యాను. మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారు, కీబోర్డు వంక చూస్తే స్కేలుతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేవారు. ‘కళ్ళు కాగితానికి, వేళ్ళు మిషనుకి’ అనేవారు. వేలికి గట్టుగా తగిలేదుంటే వేలికి దారి తెలుస్తుంది. నున్నటి అద్దం మీద వేలికేం తెలుస్తుంది, నెయ్యి రాసిన అరిటాకులా జారడం తప్ప!

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ 1986 లోనే అమెరికాలో బ్యూక్ రివియేరా అనే కారులో టీవీ గొట్టంతో చేసిన ముట్టుకునే తెర పెట్టి అమ్మారు. నాలుగేళ్ళు తిరక్కుండా మళ్ళీ బొత్తాలకే వచ్చారు. అంటే ఈ ముచ్చట ఒకసారి తీరిందన్న మాట. మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాం.

నా మాట నమ్మద్దు. స్వీడన్‌లో ‘వీ బీలెగారె’ అనే కార్ల పత్రిక 2022 లో ఒక పరీక్ష పెట్టింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంతో పోతూ లోపలి వేడి పెంచడం, రేడియో స్టేషను మార్చడం వంటి చిల్లర పనులు నాలుగు చెయ్యాలి. నడిపేవాళ్ళకి ఆ తెరలు అలవాటయ్యేందుకు ముందే టైమిచ్చారు కూడా. బొత్తాలున్న 2005 నాటి పాత వోల్వోలో అన్నీ పది సెకన్లలో అయిపోయాయి. ఆ పది సెకన్లలో కారు 306 మీటర్లు పోయింది. కొత్త తెరల కార్లలో అన్నిటికన్నా వెనకపడ్డ దానిలో అవే పనులకి 1,300 మీటర్లు దాటిపోయాయి. వారధి మీదయితే అంతసేపట్లో ఎన్ని మోపెడ్లు వస్తాయో లెక్క వేసుకోండి. యూరప్‌లో కార్లకి భద్రత మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ కూడా ఈ తెరల వరసకి విసిగిపోయింది. హారను, వైపర్లు, ఇండికేటర్లు వంటి ముఖ్యమైన వాటికి విడిగా బొత్తాలో మీటలో లేకపోతే పూర్తి మార్కులు వెయ్యనని 2026 నుంచి నిబంధన పెట్టింది.

మన చట్టమేమో 2019 సవరణలో, నడుపుతూ ఫోను చేత్తో పట్టుకోవడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగు కింద రాసింది. మంచిదే. ఆ ఫోనునే నాలుగింతలు చేసి డ్యాష్‌బోర్డులో బిగిస్తే మాత్రం ముచ్చటగా ఉందంటారు అందరూ!

నోటితో చెబితే చాలు, అదే చేస్తుందంటాడు మా అబ్బాయి. చెప్పి చూశాను. ‘ఉండవల్లి’ అంటే ఎవరో ఉమావల్లికి ఫోను కలిపింది. ఆవిడెవరో నాకు ఇప్పటికీ గుర్తు రావడం లేదు, నా ఫోన్లో పేరు మాత్రం ఉంది.

ఇలా అన్నానని తెరే వద్దనడం లేదు. మ్యాపు కావాలి. బయల్దేరే ముందు ఊరు పేరు కొట్టుకుంటే మలుపు మలుపుకీ చెబుతుంది, చెవులతో వినొచ్చు. వెనక కెమెరా అయితే మరీ కావాలి. 2019 జులై నుంచి కొత్త కార్లకి వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు గానీ మా కారు అంతకు ముందుది. మా అపార్టుమెంటు సెల్లారులో స్తంభాల మధ్య దాగుడుమూతలాడే పిల్లలు పదిమంది. రివర్సు గేరు వెయ్యగానే వెనక ఏముందో కనబడుతుంటే ప్రాణం లేచొస్తుంది. నాకు పనికొచ్చేవి ఇవి. ర్యాములూ రంగులూ కావు.

రెండో శనివారం ఒక్కదాన్నే ఆటోనగర్ వెళ్ళాను. మా వారికి చెప్పలేదు.

బిగించిన కుర్రాడినే పిలిచి డ్యాష్‌బోర్డు విప్పించాను. ‘రాత్రిపూట ఈ వెలుగు ఎందుకు తగ్గదు నాయనా?’ అంటే తల గోక్కుంటూ ఒక నారింజ రంగు తీగె చూపించాడు. హెడ్‌లైట్లు వేస్తే తెరకి ఆ సంగతి చెప్పేది అదేనట. కలపకుండా ఉత్తినే వదిలేశాడు. ‘ఎవరూ అడగరు మేడమ్’ అన్నాడు. ఇంకో తీగె హ్యాండ్ బ్రేకుకి కలపవలసింది. బండి ఆపి బ్రేకు లాగితేనే సినిమా కనబడాలని కంపెనీవాళ్ళు పెట్టిన తీగె అది. దాన్ని తిన్నగా కారు బాడీకి కట్టేశాడు. అంటే, ఎప్పుడూ హ్యాండ్ బ్రేకు వేసే ఉందని తెరకి అబద్ధం చెప్పడమన్న మాట. ‘ఇదెందుకు చేశావు బాబూ?’ అన్నాను.

‘సార్ చెయ్యమన్నారండి, క్రికెట్టు చూడ్డానికి.’

ఇంతకీ మా ఇంట్లో మనిషే! నాకు ఒక్కసారి వారధి మీద ఆ అమ్మాయి చూపు గుర్తుకొచ్చి, షాపు బయట స్టూలు మీద కాసేపు కూర్చుండిపోయాను.

తరవాత ఆ తొమ్మిదంగుళాలది వెనక్కిచ్చేశాను. ఎడమ పక్క మంచి గుండ్రటి నాబ్ ఉన్న ఏడంగుళాలది తీసుకున్నాను. నష్టానికే మార్చుకున్నాననుకోండి, నా డబ్బే. పాత రేడియో ఉన్న చోట అది ఇట్టే ఇమిడిపోయింది. బిగించినంతసేపూ పక్కనే నిలబడి నారింజ తీగె కలిపించాను, బ్రేకు తీగె బ్రేకుకే కలిపించాను. నడుస్తుండగా వీడియో రాకుండా లోపల సెట్టింగూ మార్పించి, కుర్రాణ్ణి అటు తిరగమని పాస్‌వర్డు నేనే పెట్టుకున్నాను. కారు అక్కడే ఉండగా హెడ్‌లైట్లు వేసి చూశాను. తెర బుద్ధిగా మసకబారింది. కళ్ళు రోడ్డు మీద పెట్టి చెయ్యి చాచాను. నాబ్ చేతికి తగిలింది.

మా వారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, ‘తెర చిన్నదయిపోయిందే’ అన్నారు. ‘మీరు నడిపే రోజున పెద్దది పెట్టిద్దాంలెండి’ అన్నాను.

మొన్న గుంటూరులో పెళ్ళికి ఇద్దరం బయల్దేరాం. ఆ రోజు ఏదో మ్యాచి ఉంది. మంగళగిరి దాకా ఓపిక పట్టారు. కాజ టోల్‌గేటు దగ్గర ముందు నాలుగు కార్లున్నాయి. ఆయన గొంతు సవరించుకుని, ‘ఇక్కడ ఎలాగూ ఆగాం కదా, ఒక్కసారి ఆ హ్యాండ్ బ్రేకు వెయ్యవోయ్’ అన్నారు.

వేశాను. తెర వెలిగి, ఆట కనబడి, బౌలరు పరుగు మొదలుపెట్టేలోగా ముందు కారు కదిలింది.